వ్యాను మీద హేమావతి నంబరు

హేమావతి పొయ్యి దగ్గర నిలబడి ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతోంది. వెనకాల మొగుడు జయచంద్ర చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఉగ్గాని చేసే రోజు ఆ ఇంట్లో అందరి మనసూ కాస్త మెత్తగానే ఉంటుంది కాబట్టి, ఇదే అదను అనుకుని గొంతు తగ్గించి, తల తిప్పకుండానే అడిగింది, మధ్యాహ్నం అన్నానికి వస్తావా అని. జవాబు లేదు. ఇంకోసారి అడిగింది. ఊహూఁ.

అంతలో అరుగు మీద నుంచి అత్త మారక్క గొంతు లేచింది. "ఒరే జయా, మధ్యాన్నం కూటికి వస్తావా రావా?"

"వస్తాలేమ్మా," అన్నాడు జయచంద్ర వెంటనే.

అదీ వరస. రెండేళ్లుగా ఇదే. తల్లి అడిగితే పలుకుతాడు, పెళ్లాం అడిగితే పలకడు. హేమావతి బొరుగుల్ని పిండాల్సిన దానికంటే గట్టిగా పిండేసి బాణలిలో వేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. హేమావతిది తలుపుల అనే ఊరి పక్క పల్లె. అత్త ఇంట్లో ఉన్నప్పుడు మొగుడికి ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి మాట్లాడకూడదని వాళ్లమ్మ పెళ్లికి ముందే నూరిపోసింది. ఏదైనా చెప్పాలంటే పక్కకు తిరిగి చెప్పాలి, గొంతు గడప దాటకూడదు. పెళ్లై పంతొమ్మిదేళ్లయినా, కూతురు సుధ అనంతపురం హాస్టల్‌కు వెళ్లి చదువుకుంటున్నా, హేమావతి ఆ పద్ధతి వదల్లేదు. హిందూపురంలో వాళ్లది రెండు గదుల ఇల్లు. అత్త అయితే అరుగు మీద, లేకపోతే గడపలో. రాత్రి పడుకున్నాక కూడా గుసగుసే. మారక్క ఈ మర్యాద కావాలని ఎన్నడూ అడగలేదు. అట్లని వద్దనీ అనలేదు.

మారక్క గొంతు మాత్రం గడప లోపల ఇమిడేది కాదు. గోరంట్ల వైపు పల్లెలో నలభై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి. ఆమె పిలిస్తే గుట్టకు అవతల మేస్తున్న గొర్రె కూడా తలెత్తి చూసేది. మోకాళ్లు అరిగాయని మందను అమ్మేసి కొడుకు దగ్గరికొచ్చింది గానీ, గొంతును ఎవరికీ అమ్మలేదు.

ఉగ్గాని తిని బయటికెళ్లిన జయచంద్ర గంట తిరక్కుండానే వెనక్కి వచ్చాడు. నడిచి కాదు, ఒక పాత తెల్ల ఆమ్నీ వ్యాను తోలుకుంటూ వచ్చాడు. దాని పక్కన నీలం రంగుతో పెద్ద అక్షరాలు: జయచంద్ర కారు మెకానిక్, మీ కారు ఆగిన చోటికే వస్తాం, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. కింద ఫోన్ నంబరు. వెనక తలుపు తీస్తే పానాలు, జాకీ, బ్యాటరీ, ఇనుప పెట్టెలు వరసగా సర్ది ఉన్నాయి. ఇదంతా ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఎన్ని వారాల నుంచి చేయిస్తున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

మారక్క అరుగు మీద నుంచే విచారణ మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లుగా తాను పనిచేస్తున్న గంగాధర్ మెకానిక్ షెడ్డు మానేశానన్నాడు జయచంద్ర. చీటీ ఎత్తి వ్యాను కొన్నానన్నాడు. ఇక మీద సొంత పనే అన్నాడు. ఎందుకు మానేశావురా అంటే, మానాలనిపించింది మానేసినా అన్నాడు. మారక్క కాసేపు గొణిగి, చివరికి నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టించి, కొడుకు చేత బండి ముందుకు తీయించింది.

ఎదురింటి అంజినమ్మ వ్యాను చుట్టూ తిరిగి చూసి, "హేమా, ఈ నంబరు నీది గదమ్మా?" అంది.

హేమావతి చూసింది. తనదే. పది అంకెలూ తనవే. ఊళ్లు తిరిగే వ్యాను మీద, దారిన పోయే ప్రతి మగాడూ చదివేలా, తన నంబరు. తనను అడగకుండా, చెప్పకుండా! అతని ఫోనుకు ఏమొచ్చింది? అతను ఫోను ఎత్తడం మానేసి చాలా కాలమైన మాట నిజమే, కానీ దానికీ దీనికీ ఏం పొత్తు? ఆమెకు కోపపడాలో భయపడాలో కూడా తెలియలేదు. పక్కకు తిరిగి, మెల్లగా, నా నంబరు ఎందుకు ఏపించినావు అని అడిగింది. జయచంద్ర టైరు వైపు వంగి గాలి చూసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన తన కారు దగ్గుతోందన్నాడు. ఇంకొకాయన క్లచ్ నొక్కితే ఎట్లాంటి చప్పుడు వస్తోందో తానే ఫోన్లో కీచుమని అరిచి చూపించాడు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఈమె చెవిలో ఆ అరుపులు. క్లచ్ అంటే ఏమిటో, అది ఎందుకు అరుస్తుందో ఆమెకేం తెలుసు? వెళ్లి మొగుడికి చెప్పబోతే, నోరు తెరవకముందే అతను చెయ్యి చాచాడు. "రాసియ్యి," అన్నాడు.

రాసియ్యాలంట. ఇంట్లో ఉన్న పెళ్లాం మాట వినడానికి కూడా ఓపిక లేదన్న మాట.  అయినా హేమావతి పాత క్యాలెండరు కాగితాలు చింపి, వాటి వెనక ఊరూ పేరూ రోగమూ రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. అతను ఆ కాగితం చదివేటప్పుడు మాత్రం మొహం వికసించేది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఒకసారి ఆమె వైపు చూసేవాడు. ఆ చూపుకు అర్థమేమిటో ఆమెకు అంతుపట్టేది కాదు. మాట వద్దంట, కాగితం ముద్దంట. ఇదేం సంసారమో!

రెండు వారాల్లో వ్యానుకు పేరొచ్చింది. లేపాక్షి రోడ్డులో ఆగిన కారు దగ్గరికి అరగంటలో పోయాడని ఒకరు చెబితే ఇంకొకరు ఫోన్ చేశారు. హేమావతికీ పని కొంచెం వంటబట్టింది. పొగ తెల్లగా వస్తోందా నల్లగా వస్తోందా, తాళం తిప్పితే టక్కుమంటుందా అసలు పలకదా అని తానే అడగసాగింది. కానీ లోపల ముడి అట్లాగే ఉంది. షెడ్డులో ఏదో తప్పు చేసి వచ్చాడా? ఎవరి నుంచైనా దాక్కుంటున్నాడా? లేక తనంటేనే సరిపడటం లేదా? ఒక రాత్రి చెవి దగ్గర అడిగింది కూడా. నేనేం చేసినానని నాతో పలకవు అని. అతను అటు తిరిగి పడుకునే ఉన్నాడు.

ఆ మర్నాడే ఆమెకు మొండితనం వచ్చింది. ఈరోజు కాగితం లేదు గీగితం లేదు, నోటితోనే చెబుతాను, ఎట్లా పలకడో చూస్తాను అనుకుంది.

పదిన్నరకు ఫోన్ మోగింది. ధర్మవరంలో నర్సుగా పనిచేసే ప్రమీల. కంటి ఆపరేషన్ అయిన తల్లి గంగులమ్మను బెంగళూరు నుంచి తీసుకొస్తుంటే, పెనుకొండ ఇంకా రాకముందే హైవే మీద కారు వేడెక్కి ఆగిపోయిందంట. ముసలామెకు ఎండ పడకూడదు, త్వరగా పంపమ్మా అంది. గంటలోపల వస్తాడని హేమావతి మాటిచ్చింది.

జయచంద్ర కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. అరుగు మీద అత్త ఉంది. హేమావతి గోడ వైపు తిరిగి, పేరూ చోటూ పూసగుచ్చినట్టు చెప్పింది. జయచంద్ర తువ్వాలుతో మొహం తుడుచుకుని, తలాడించినట్టు చేసి, వ్యాను వెనక తలుపు తీశాడు. బయల్దేరుతున్నాడనుకుని ఆమె రాగులు పట్టించడానికి మిల్లుకు వెళ్లింది.

మిల్లు దగ్గర పెద్ద వరస ఉంది. తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. వ్యాను అక్కడే ఉంది. జయచంద్ర పానాలకు నూనె రాస్తూ కూర్చున్నాడు. హేమావతి చేతిలోని ఫోన్ అదే క్షణంలో మోగింది. ప్రమీల గొంతులో ఏడుపూ కోపమూ కలగలిసి ఉన్నాయి. ఇట్లా మోసం చేసే బదులు రానని చెప్పింటే వేరేవాళ్లను పిలుచుకునేదాన్ని గదా అంది.

ఆ ఇంట్లో పోట్లాట కూడా అత్త మీదుగానే నడిచింది. "పెనుకొండకాడ ఒకాయమ్మ రెండు గంటల నుంచి రోడ్డు మీద ఉండాది. పొద్దున్నే చెప్పినా గదా, ఎందుకు పోలేదో అడుగత్తా," అంది హేమావతి. మారక్క అడిగింది. వీధి వీధంతా విన్నది.

"ఎప్పుడు చెప్పింది? నాకెవురూ చెప్పలే," అన్నాడు జయచంద్ర లేచి నిలబడి.

"కొళాయికాడ చెప్పినా."

మారక్క అది కూడా కొడుక్కు అందించి, తన సాక్ష్యమూ చేర్చింది. "నేను ఈడనే కూచోనుంటి. నా చెవిన అయితే పడలేదమ్మే."

"చెప్పకుండానే చెప్పినానంటే ఎట్ల? మొదటి నెలే పేరు చెడిపోతే మనల్ని ఎవురు పిలుస్తారు?" అన్నాడు జయచంద్ర. అతని మొహం పాలిపోయింది. గబగబా సామాన్లు లోపలికి తోశాడు.

అబద్ధాలకోరు అనడం ఒక్కటే తక్కువ. హేమావతి రాగిపిండి సంచి గడపలో పడేసి, పోయి వ్యాను ముందు సీట్లో కూర్చుంది. "నేనూ పోతా అత్తా. ఎన్ని గంటలకు ఫోన్ చేసిందో ఆయమ్మనే చెప్తాది," అంది. 

వ్యాను పెనుకొండ దారి పట్టింది. అతను స్టీరింగు దగ్గర, ఆమె అతని ఎడమ పక్కన.  హేమావతికి రెండేళ్ల ఉక్రోషం పొంగుకొచ్చింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంత బతుకు బతికి నీతో అబద్ధమాడేదాన్ని అనిపించుకోలేను, రేప్పొద్దున్నే తలుపులకు పోతా, మళ్లీ రాను, మీ అమ్మా నువ్వూ సుఖంగా ఉండండి అంది. అన్నాక భయం వేసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

 జయచంద్ర జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు వేయించిన శనక్కాయలు తీసి ఆమె ఒళ్లో పోశాడు.

"పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. తిను," అన్నాడు. "ఆ కొండ మీద మబ్బు చూడు. సాయంత్రానికి వానొస్తాదేమో."

హేమావతి ఏడుపు ఆగిపోయింది. పుట్టింటికి పోతానన్న పెళ్లానికి శనక్కాయలిచ్చే మొగుణ్ని ఆమె ఎక్కడా చూడలేదు, వినలేదు. ఎగతాళా? మొహం చూస్తే ఎగతాళిలా లేదు. పోతే పోనీ అనుకుంటున్నాడా? అట్లా అయితే తిను అనడమెందుకు? ఒళ్లో శనక్కాయలు పెట్టుకుని, పెనుకొండ కొండ దగ్గరయ్యేదాకా ఆమె ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది.

ప్రమీల కారు వేపచెట్టు నీడకు తోసి ఉంది. గంగులమ్మ నల్లద్దాలు పెట్టుకుని వెనక సీట్లో ఒరిగి ఉంది. ప్రమీల నాలుగు మాటలు గట్టిగానే అంది. పదిన్నరకే ఫోన్ చేశానని కూడా అంది. జయచంద్ర చేతులు జోడించి, తప్పయింది తల్లీ అని బానెట్ ఎత్తాడు. నీళ్ల గొట్టం చీలింది. కొత్త గొట్టం వేసి, నీళ్లు పోసి, ఇంజను స్టార్ట్ చేయించాడు. అప్పుడు ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని కొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో మెకానిక్కులు అట్లా పిడిని చెవికి ఆనించుకోవడం హేమావతి చూసింది. పళ్లతో కరవడం ఎన్నడూ చూడలేదు.

ప్రమీల అతన్నే గమనిస్తూ, పక్కనుంచి రెండుసార్లు ఏదో అడిగింది. అతను పలకలేదు. ఆమె హేమావతి దగ్గరికొచ్చింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"అక్కా, అన్నకు చెవులు ఎప్పటి నుంచి ఇట్ల?"

"ఏమిట్ల?"

"ఆస్పత్రిలో ఇట్లాంటోళ్లను రోజూ చూస్తాంటాను. మన మొగం చూస్తాంటే జవాబిస్తాడు. పక్కన నిలబడి అడిగితే పలకడు. ఎముక ద్వారా అదురు తెలుస్తాదని పళ్లతో పట్టుకున్యాడు. నీకు తెలీదా?"

హేమావతికి ఏమీ అర్థం కాలేదు. కాదు, అర్థమైంది గానీ మనసు ఒప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారన్ కొడుతూ దూసుకుపోయింది. కారులో గంగులమ్మ ఉలిక్కిపడింది. హేమావతి రెండడుగులు వెనక్కి గెంతింది. జయచంద్ర కళ్లు మూసుకుని, స్క్రూడ్రైవరు కరిచిపట్టుకుని, కదలకుండా నిలబడే ఉన్నాడు.

హేమావతి అతని వెనక్కి వెళ్లి నిలబడింది. "సుధా వాళ్ల నాయనా," అంది మెల్లగా. ఇంకొంచెం గట్టిగా అంది. లేదు. అప్పుడు చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి, మొహంలోకి చూసింది.

"నీకు వినపడదా?"

అతను ఇంజను ఆపమని సైగ చేసి, పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.  "కుడి చెవి కొంచెం ఉండాది. ఎడమది పోయి రెండేండ్లు."

షెడ్డు సంగతి అప్పుడు బయటపడింది. ఒకరోజు కారును వెనక్కి తీస్తుంటే, ఆపు ఆపు అని అందరూ అరిచారంట. అతనికి తెలియలేదు. కారు వెళ్లి గోడకు కొట్టుకుంది. ఆడ ఎవురన్నా ఉండింటే ఏమయ్యేది జయచంద్రా అని గంగాధర్ ఒక్క మాటే అడిగాడంట. ఆ మాట నిజమే కాబట్టి, మర్నాటి నుంచి అతనే పోలేదు.

"నాకెందుకు చెప్పలే?" అంది హేమావతి. ఆమె కళ్ల నుంచి నీళ్లు వాటంతటవే కారుతున్నాయి.

"చెవిటి మెకానిక్కు కారు ఎవురిస్తారు? బయట తెలిస్తే తిండి పోతాది." అతను నేల చూపులు చూశాడు. "నీకు చెప్దామనే అనుకున్యా. కానీ నువ్వు నాతో మాట్లాడేదే మానేసినావు గదా."

"నేనా?"

"రెండేండ్లాయ. ముందు గోడ తట్టు తిరిగైనా మాట్లాడేదానివి, ఇప్పుడు ఒక మాట లేదు. ఏం తప్పు చేసినానో అడుగుదామంటే, నువ్వు చెప్పింది నాకు వినపడకపోతే దొరికిపోతానని భయం. అందుకే నీ నంబరు ఏపించినా. ఫోనుకు నువ్వు బాగా జవాబిస్తావు. రాసిచ్చేదానికైనా దినానికి నాలుగు తూర్లు నా దగ్గరికి వస్తావు గదా అని."

హేమావతి రోడ్డు పక్కన కూలబడిపోయింది. పొయ్యి దగ్గర నిలబడి గోడకు చెప్పుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ చనిపోయిన ఏడు ఎంత బెంగగా ఉందో చెప్పుకున్న మాటలు. గార్మెంట్స్ పనికి పోనా అని అడిగి, పలకలేదు కాబట్టి వద్దన్నాడని అనుకుని, తోటి ఆడవాళ్లు బస్సెక్కి పోతుంటే చూస్తూ కూర్చున్న ఉదయాలు. మర్యాద, మర్యాద అని అతని వీపుకు చెప్పుకుంది అంతా.

"గార్మెంట్స్‌కు పోతానని ఎన్ని తూర్లు అడిగినా నిన్ను," అంది అతని మొహం చూస్తూ.

"ఎప్పుడడిగినావు?" అన్నాడు అతను బిత్తరపోయి. "అడిగింటే పొమ్మనేవాణ్ణే గదమ్మే."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూస్తూ అట్లా ఏడుస్తుంటే, ప్రమీల తల్లికి నీళ్లు తాగించే నెపంతో కారుకు అవతల వైపు వెళ్లింది. పోయేటప్పుడు మాత్రం, అనంతపురంలో చెవుల డాక్టరు పేరు ఒక చీటీ మీద రాసి హేమావతి చేతిలో పెట్టింది. మిషను పెట్టుకుంటే చాలావరకు వినపడుతుందని, ఆలస్యం చేయొద్దని చెప్పింది.

తిరుగుదారిలో కొండ దాటాక వాన అందుకుంది. రాత్రి రాగిసంగటి ముందు కూర్చున్నప్పుడు హేమావతి అత్తకు అంతా చెప్పింది. మారక్క చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. కన్నతల్లిని, నాకే తెలీలేదే అని మొదట కొడుకును తిట్టింది, తర్వాత తనను తిట్టుకుంది. తన గొంతుకు గుట్టలే పలికేవి, కొడుకు పలకడంలో వింతేముంది? చివరికి కోడలి వైపు తిరిగింది.

"పంతొమ్మిదేండ్ల నుంచి గోడతో ఎందుకు మాట్లాడ్తాండావమ్మే? నేనెప్పుడన్నా వద్దంటినా?"

"మీరు ఉంటిరి గదత్తా."

"నేనుంటే? నేనేమన్నా పులినా?" అంది మారక్క. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తెల్లారి జయచంద్ర వ్యాను దగ్గర బ్యాటరీ సర్దుకుంటున్నాడు. రేపు అనంతపురం పోవాలని నిర్ణయమైపోయింది. హేమావతి గడపలో నిలబడింది. అరుగు మీద అత్త ఉంది. హేమావతి ఊపిరి పీల్చుకుని, మొగుడికి ఎదురుగా తిరిగి, మధ్యాహ్నం అన్నానికి వస్తావా అని అడిగింది. పంతొమ్మిదేళ్లు అణిచిపెట్టిన గొంతు అరుగు కూడా దాటలేదు. అతను తల ఎత్తలేదు.

"గొంతులోనుంచి కాదమ్మే," అంది మారక్క. "కడుపులోనుంచి తీయల్ల. గుట్ట అవతల మంద ఉండాది, పొద్దు గూకుతాండాది, అట్ల అనుకో."

హేమావతి సిగ్గుతో చచ్చిపోయింది. అంజినమ్మ ఎదురింట్లో ముగ్గు వేస్తూ చూస్తోంది. మారక్క లేచి, నొప్పి మోకాళ్లతో రెండు మెట్లు దిగి, కోడలి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. "ఈడనుంచి," అంది.

హేమావతి కళ్లు మూసుకుని పిలిచింది. "మధ్యాన్నం అన్నానికి వస్తావా?"

వీధి చివర పాలవాడు సైకిలు ఆపాడు. అంజినమ్మ చేతిలో ముగ్గు నేల మీద కుప్పగా పడింది. జయచంద్ర తలెత్తి, గిరుక్కున తిరిగి, మొదట తల్లిని చూశాడు. ఆమె వేలు పెట్టి కోడలిని చూపించింది. అతను హేమావతిని చూశాడు.

"వస్తా," అన్నాడు గొంతెత్తి.

అంత గట్టిగా అరవాల్సిన పనిలేదు. హేమావతి చెవులు బాగానే ఉన్నాయి. అయినా వీధి వీధంతా వినేట్టు, ఇంకోసారి అరిచాడు.